ఎవరికీ అక్కర్లేనట్టు పెరిగామా? ఫోస్టర్ కేర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోస్టర్ ఇళ్ళలో (కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని కొంతకాలం పెంచే వేరే కుటుంబాల్లో) పెరిగినవాళ్ళు, ఇప్పుడు పెరుగుతున్నవాళ్ళు, వాళ్ళని పెళ్ళి చేసుకున్నవాళ్ళు, వాళ్ళకి పాఠాలు చెప్పే టీచర్లు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చి (విసుగు మీ మీద కాదు, టైపింగ్ మీద) అన్నీ ఒకచోట పెడుతున్నాను. నేనూ అలా పెరిగినదాన్నే. సైకాలజిస్టుని కాను, లాయర్ని అంతకన్నా కాను. పడినవీ, చూసినవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి రూల్స్ మాత్రం మీ దగ్గర కనుక్కోండి.

## ఇల్లు మారిన కొత్తలో

నన్ను అమ్మానాన్నల దగ్గర్నుంచి ఎందుకు తీసుకొచ్చేశారు? నేనేమైనా తప్పు చేశానా?

లేదు. పెద్దవాళ్ళ తాగుడు, జబ్బు, కొట్టడం, జైలు, చావు, ఇల్లూ ఆదాయం లేకపోవడం, కారణం చాలావరకు వీటిలోనే ఎక్కడో ఉంటుంది. అయినా చిన్నపిల్లలు "నేను అల్లరి చేశాను కాబట్టే" అనుకుంటారు, ఎందుకంటే తప్పు తనదైతే దాన్ని దిద్దుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చనే ఆశ ఒకటి మిగులుతుంది. తప్పు అమ్మదని ఒప్పుకుంటే ఆ ఆశ కూడా పోతుంది. అందుకే పెద్దయ్యాక కూడా ఆ నింద మోస్తూనే ఉంటాం.

పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని ఇంట్లోంచి తీసెయ్యకూడదని ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ముందు ఆ కుటుంబానికి సాయం చెయ్యాలి. అలా జరగని కేసులు బోలెడు. మీదీ అలాంటిదే అయితే మీ అమ్మానాన్నలు మిమ్మల్ని వద్దనుకోలేదు, వాళ్ళకి చెయ్యి అందించేవాళ్ళు లేకపోయారు. ఏది నిజమో మీ గురించి ఆఫీసువాళ్ళు రాసిపెట్టిన ఫైల్లో ఉంటుంది, ఊహించుకోకండి.

ఫోస్టర్ కేర్, దత్తత ఒకటే కదా?

కాదు. దత్తతలో ఆ పిల్ల చట్టప్రకారం ఆ ఇంటి పిల్ల అయిపోతుంది, అది శాశ్వతం. ఫోస్టర్ కేర్‌లో బాధ్యత ప్రభుత్వ యంత్రాంగం దగ్గరో, కన్నవాళ్ళ దగ్గరో, ఇద్దరి దగ్గరో ఉండిపోతుంది. పెంచే కుటుంబం రోజువారీ చూసుకుంటుంది, అంతే. పరిస్థితి చక్కబడితే పిల్లని తిరిగి ఇంటికి పంపాలన్నదే దీని వెనక ఉద్దేశం. కాగితం మీద బాగానే ఉంటుంది. ఆ "తాత్కాలికం" ఏళ్ళ తరబడి సాగినప్పుడు మాత్రం, రేపు ఎక్కడ ఉంటామో తెలియకుండా పెరగడం ఎలా ఉంటుందో రూల్స్ రాసినవాళ్ళకి తెలిసినట్టు లేదు.

అందరూ నాలాంటివాళ్ళే ఉండే హోమ్‌లో ఉంటే నయం కదా? ఈ పరాయి ఇంట్లో ఎందుకు?

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను, అందులో న్యాయం లేకపోలేదు. హోమ్‌లో ఎవరూ ఎవరికీ సొంతం కాదు కాబట్టి పోల్చుకుని ఏడవక్కర్లేదు. పెద్ద పిల్లల్లో కొందరికి అదే హాయి.

చిన్నపిల్లల విషయం వేరు. రొమేనియాలో 2000 ప్రాంతంలో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకి పంపారు. కుటుంబాలకి వెళ్ళిన పిల్లల తెలివితేటలూ మనుషులతో ముడిపడే తీరూ మెరుగయ్యాయి, రెండేళ్ళలోపే వెళ్ళినవాళ్ళకి ఇంకా ఎక్కువగా. పసివాళ్ళకి తమ ఏడుపు గుర్తుపట్టే ఒక మనిషి కావాలి, షిఫ్టు మారితే మారిపోయే ఆయాలు సరిపోరు. అయితే అక్కడ ఆ కుటుంబాలకి శిక్షణా, వెనకాల సాయమూ ఉన్నాయి. ఏదో ఒక ఇంట్లో పడేసి చేతులు దులుపుకుంటే అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు.

వాళ్ళని అమ్మా, నాన్నా అని పిలవాలా?

మీకు నోరొస్తే పిలవండి, రాకపోతే ఆంటీ అంకుల్ చాలు. ఎవరైనా బలవంతపెడితే మీ బాగోగులు చూడాల్సిన సోషల్ వర్కర్‌కి చెప్పండి. పిలిస్తే కన్నతల్లికి ద్రోహం చేసినట్టేమో అని చాలామంది నాలుక కరుచుకుంటారు. అలాంటిదేం లేదు, మనిషికి ఇద్దరు ముగ్గురు అమ్మలుండొచ్చు.

నా తమ్ముణ్ణి వేరే ఇంటికి పంపేశారు. కలిపి ఉంచమని అడగొచ్చా?

అడగొచ్చు, అడగాలి, అవసరమైతే రాసివ్వాలి. తోబుట్టువుల్ని విడదీయకూడదనీ, తప్పనిసరై విడదీస్తే వాళ్ళు కలుసుకునేలా చూడాలనీ అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ ప్రకారం మీ గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు మీ మాట వినాలి. ఇద్దర్నీ పెట్టుకునే ఇల్లు దొరకలేదంటే, కనీసం వారానికి ఒక ఫోనూ, నెలకి ఒకసారి కలవడమూ తేదీలతో సహా రాయించుకోండి. "వీలున్నప్పుడు కలిపిస్తాం" అంటే ఒప్పుకోకండి, ఆ వీలు ఎప్పటికీ రాదు.

## ఆ ఇంట్లో పెరుగుతున్నప్పుడు

తిండి పెడుతున్నారు, తిట్టట్లేదు, కొట్టట్లేదు. అయినా ఆ ఇంటి మనిషిని కానట్టే ఎందుకు అనిపిస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. అడిగాక వెంటనే "నాకు కృతజ్ఞత లేదేమో" అని కూడా తామే రాసేస్తారు.

ఒక్క సంగతి చెప్తాను. నేనున్న ఇళ్ళలో ఒకదాంట్లో చుట్టాలంతా వచ్చినప్పుడు సోఫాలో పెద్దవాళ్ళు, కింద పిల్లలు సర్దుకుని కూర్చునేవాళ్ళు, ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి "నువ్వు బాగా తీస్తావు, తియ్యమ్మా" అనేది. ప్రేమగానే అనేది. ఆ ఆల్బమ్ మొత్తంలో నేను లేను, కానీ ఆ ఫోటోలన్నీ నేను తీసినవే. ఇందులో ఎవర్ని పట్టుకుని ఏమని ఫిర్యాదు చేస్తారు? ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. ఇలాంటివే, ఫ్రిజ్ తెరిచే ముందు అడగాలనిపించడం, కొత్తవాళ్ళొస్తే మనల్ని ఏమని పరిచయం చేస్తారా అని ఊపిరి బిగబట్టి వినడం, ఊరికి వెళ్ళే ప్లాన్ వేసుకుంటుంటే "నేను కూడానా?" అని అడగలేక బ్యాగు సర్దాలో వద్దో తెలియక కూర్చోవడం. ఒక్కొక్కటీ చిన్నదే. రోజూ జరిగితే లోపల ఏదో అరిగిపోతుంది.

రాయ్ బౌమైస్టర్, మార్క్ లీరీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1995లో రాసిన ఒక వ్యాసంలో, మనిషికి ఎక్కడికో చెందాలనే కోరిక ఆకలిలాంటి మౌలిక అవసరమని వాదించారు. అది తీరాలంటే రెండు కావాలన్నారు. మనుషులతో తరచుగా మంచిగా కలిసిమెలిసి ఉండటం ఒకటి, ఆ బంధం రేపూ ఉంటుందనే భరోసా రెండోది. ఫోస్టర్ ఇంట్లో మొదటిది చాలాసార్లు దొరుకుతుంది, రెండోది దొరకదు. మీకు లోటుగా ఉన్నది ఆ రెండోదే, అంతేగానీ మీలో కృతజ్ఞత లేక కాదు. ఇంకోటి, 2003లో కొందరు శాస్త్రవేత్తలు ఒక కంప్యూటర్ బంతాట ఆడించి, మధ్యలో ఒక మనిషికి బంతి వెయ్యడం మానేసి ఆ మనిషి మెదడుని స్కాన్ చేస్తే, ఒంటి నొప్పికి స్పందించే భాగాల్లో కొన్ని అప్పుడూ చురుగ్గా కనిపించాయి. ఎవరో తెలియనివాళ్ళు బంతి వెయ్యకపోతేనే అంత బాధ! ఇక సొంతవాళ్ళనుకున్నవాళ్ళ ఫోటోలో చోటు లేకపోతే గుండె కలుక్కుమనదా?

వాళ్ళు డబ్బుల కోసమే నన్ను ఉంచుకున్నారా?

చాలా దేశాల్లో ఫోస్టర్ కుటుంబాలకి భత్యం ఇస్తారు. పిల్లని పెంచడానికి ఖర్చవుతుంది, అది ఇవ్వడంలో తప్పేమీ లేదు. డబ్బు తీసుకుంటూ ప్రాణంగా చూసుకునేవాళ్ళున్నారు, రూపాయి తీసుకోకుండా పనిమనిషిలా వాడుకునేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి డబ్బు అందుతోందా అన్న ప్రశ్నతో మీకు జవాబు దొరకదు. ఆ ఇంటి పిల్లలకి కొత్త బూట్లు కొన్నప్పుడు మీ బూట్లు చిరిగి ఉన్నాయేమో చూసుకోండి. అందరూ చదువుకుంటుంటే మీరొక్కరే గిన్నెలు తోముతున్నారా చూసుకోండి. అక్కడ తెలుస్తుంది.

మీ అనుమానం గాల్లోంచి పుట్టింది కూడా కాదు. స్విట్జర్లాండ్‌లో 20వ శతాబ్దం మధ్య దాటేవరకూ పేద పిల్లల్ని, పెళ్ళికాని తల్లుల పిల్లల్ని తీసుకెళ్ళి రైతుల ఇళ్ళలో పనికి పెట్టేవారు. అంతకుముందైతే తక్కువ భత్యానికి ఎవరు పెట్టుకుంటారని పిల్లల్ని వేలం వేసిన చోట్లూ ఉన్నాయి. ఆ ప్రభుత్వం 2013లో క్షమాపణ చెప్పింది, తర్వాత చట్టం చేసి బతికున్న బాధితులకి తలా 25,000 ఫ్రాంకులు ఇచ్చింది. అమెరికాలో 1854 నుంచి 1929 దాకా సుమారు రెండు లక్షల మంది పిల్లల్ని రైళ్ళలో పల్లెలకి తరలించారు, దిగినచోట వరసగా నిలబెడితే జనం వచ్చి చూసి ఎంచుకునేవారు. కొందరికి నిజంగానే ఇళ్ళు దొరికాయి, కొందరు కూలీలుగా మిగిలారు. సోషల్ వర్కర్లు చెప్పకుండా వచ్చి తనిఖీ చెయ్యాలనేది ఇందుకే. మీ ఇంటికి ఎవరూ రావట్లేదంటే అది అడగాల్సిన విషయం.

ఎంత మంచిగా ఉన్నా మళ్ళీ పంపించేశారు. ఇంకేం చెయ్యాలి నేను?

ఇంకేమీ చెయ్యకండి. ఇది కోపంగా కాదు, నిజంగానే అంటున్నాను.

చెప్పకముందే పనులు చెయ్యడం, జ్వరమొచ్చినా చెప్పకపోవడం, ఏది పెట్టినా "నాకిదే ఇష్టం" అనడం, ఏడుపొస్తే బాత్రూంలో నీళ్ళు తిప్పుకుని ఏడవడం... మనలో చాలామంది ఈ విద్యలో పండిపోయినవాళ్ళే. ఆ ఇంటి సొంతపిల్లలు మాత్రం తలుపులు ధడేల్మని వేసి, కంచం తోసేసి, పరీక్ష తప్పి కూడా అదే ఇంట్లో ఉంటారు. వాళ్ళు మంచిగా ఉండి ఆ చోటు సంపాదించుకోలేదు. అసలు పిల్లలకి ఇంట్లో చోటు అనేది సంపాదించుకునే వస్తువు కాదు కదా, మరి మనకొక్కళ్ళకే ఆ పరీక్ష ఎందుకు పెట్టారు?

పంపించెయ్యడానికి అసలు కారణాలు చూస్తే సగం మీకు సంబంధం లేనివి ఉంటాయి. ఆయనకి బదిలీ అయ్యుంటుంది, ఆవిడ గర్భవతి అయ్యుంటుంది, పిల్లల్ని పెట్టుకోవడానికి వాళ్ళకున్న లైసెన్సు గడువు అయిపోయుంటుంది, లేదా శిక్షణ లేకుండా దిగి చేతకాక వదిలేసి ఉంటారు. పిల్ల "సర్దుకోలేకపోయింది" అని మాత్రం ఫైల్లో పడుతుంది. ఆ వాక్యం రాసింది అలసిపోయిన ఒక ఉద్యోగి, అది మీ మీద వచ్చిన తీర్పుగా తీసుకోకండి. మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఎందుకు మారుస్తున్నారో రాతపూర్వకంగా అడగండి, మీ వైపు మాట కూడా అదే ఫైల్లో పెట్టమనండి.

నన్ను ప్రేమగా చూసేవాళ్ళతోనే గొడవ పెట్టుకుంటాను. నాకేమైనా పిచ్చా?

పిచ్చి కాదు, ముందుజాగ్రత్త. ఎలాగూ పంపేస్తారు కాబట్టి ఆ ముహూర్తమేదో మనమే పెడితే దెబ్బ తక్కువ తగులుతుందని లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. మేరీ డోజియర్ అనే పరిశోధకురాలు ఫోస్టర్ ఇళ్ళలోని పసివాళ్ళని గమనిస్తే, దెబ్బ తగిలినా కొందరు పిల్లలు ఎత్తుకోమని రావట్లేదు, తోసేస్తున్నారు, అప్పుడు పెంచేవాళ్ళు కూడా "దీనికి నేనక్కర్లేదు" అనుకుని వెనక్కి తగ్గుతున్నారు. ఆమె ఆ పెద్దవాళ్ళకి నేర్పింది ఏంటంటే పిల్ల తోసేసినా, అక్కర్లేదన్నట్టు ఉన్నా, మీరు దగ్గరికి వెళ్ళండి అని. మాటలొచ్చే వయసులో ఉన్నవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. గొడవ చల్లారాక "నన్ను పంపేస్తారేమోనని భయమేసి అలా చేశాను" అని ఒక్క వాక్యం చెప్పి చూడండి. నోట్లోంచి రాకపోతే చీటీ మీద రాసివ్వండి. మంచివాళ్ళైతే ఆ వాక్యంతో చాలా మారుతుంది.

తిండి దాచుకుంటాను, దిండు కింద కూడా. సిగ్గుగా ఉంది.

ఎప్పుడో కడుపు కాలిన పిల్లల్లో చాలామంది చేసేదే. దొంగతనం కాదు. ఇంట్లోవాళ్ళకి చెప్పగలిగితే మీకంటూ ఒక డబ్బా పెట్టమనండి, ఎప్పుడు తెరిచినా అందులో ఏదో ఒకటి ఉండేలా. అది ఎప్పుడూ నిండుగా ఉంటుందని నమ్మకం కుదిరాక దాచడం దానంతటదే తగ్గుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. తిడితే ఇంకా పెరుగుతుంది.

క్లాసులో వంశవృక్షం గీయమన్నారు. ఏం గీయను?

మీ జీవితంలో ఉన్నవాళ్ళని గీయండి, రక్తం గొడవ వదిలెయ్యండి. లేదా టీచర్‌కి ముందే చెప్పి వేరే పని అడగండి. టీచర్లు ఇది చదువుతుంటే, దయచేసి ఆ హోంవర్కుకి ఇంకో ప్రత్యామ్నాయం మీరే ముందుగా అందరికీ ఇవ్వండి, ఆ పిల్ల నలుగురిలో లేచి నిలబడి అడగాల్సిన అవసరం రాకుండా.

ఈ ఇంట్లో నన్ను కొడుతున్నారు, తప్పుగా ముట్టుకుంటున్నారు. చెప్తే ఇంకా ఘోరమైన చోటికి పంపుతారేమో?

చెప్పండి. సోషల్ వర్కర్, టీచర్, డాక్టర్, పిల్లల హెల్ప్‌లైన్, పోలీసు, ఎవరికైనా. మొదటివాళ్ళు నమ్మకపోతే రెండోవాళ్ళకి, వాళ్ళూ నమ్మకపోతే మూడోవాళ్ళకి. తేదీలు, ఏం జరిగింది, ఎవరున్నారు అనేవి వీలైతే రాసి, వాళ్ళ చేతికి దొరకని చోట పెట్టండి. తర్వాత వెళ్ళే చోటు ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను, కానీ ఇప్పుడున్న చోట ఏం జరుగుతోందో మీకు తెలుసు, అది మీరు నోరు మూసుకుంటే ఆగదు. "నిన్ను ఉంచుకున్నాం కదా, ఎవరికైనా చెప్తే బయటికే" అని వాళ్ళే బెదిరిస్తుంటే, అదొక్కటే చాలు చెప్పడానికి.

## బయటికొచ్చే వయసులో

పద్దెనిమిది నిండగానే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోవాల్సిందేనా?

చాలాచోట్ల చట్టం ఆ వయసుకి చెయ్యి వదిలేస్తుంది, కానీ మారుతోంది. ఇంగ్లండ్‌లో 2014 చట్టంతో ఇద్దరికీ ఇష్టమైతే 21 దాకా అదే ఫోస్టర్ ఇంట్లో ఉండొచ్చు. అమెరికాలో 2008 చట్టం 21 దాకా పొడిగించే వీలు రాష్ట్రాలకిచ్చింది. కాబట్టి మీ దగ్గర ఏముందో పదహారేళ్ళకే అడగడం మొదలుపెట్టండి, ఆఖరి నెలలో కాదు. సొంతిల్లున్న పిల్లలు పాతికేళ్ళొచ్చినా అమ్మ వంట తింటూ ఉద్యోగం వెతుక్కుంటారు, మనల్ని మాత్రం పుట్టినరోజు కేకుతోపాటు గుమ్మం దాటిస్తారు.

బయటికొచ్చేముందు చేతిలో ఉండాల్సినవి: జననధ్రువీకరణ, గుర్తింపు కార్డులు, చదువు సర్టిఫికెట్లు, టీకాలూ జబ్బుల వివరాలు, మీ పేరు మీద బ్యాంకు ఖాతా, ఫోస్టర్ కేర్‌లో ఉన్నట్టు రుజువు (స్కాలర్‌షిప్పులకి పనికొస్తుంది). ఫోటోలు కూడా. అందరూ మర్చిపోయేది అదే, తర్వాత ఎంత వెతికినా దొరకనిదీ అదే.

నా ఫైలు తెప్పించుకుని చదవాలా?

చదవండి, ఒంటరిగా మాత్రం చదవకండి. అందులో మీ బాల్యం ఆఫీసు భాషలో ఉంటుంది. కొన్ని పంక్తులు నల్లగా కొట్టేసి ఉంటాయి, కొన్ని చదివితే ఒళ్ళు మండుతుంది, కొన్నిటికి ఏడుపొస్తుంది.

కానీ ఆ కాగితాల్లో మీకెవరూ చెప్పనివి ఉండొచ్చు. బ్రిటిష్ కవి లెమ్ సిసే కథ ఇందుకు సాక్ష్యం. 1967లో ఇథియోపియా నుంచి వచ్చిన ఒక తల్లికి ఇంగ్లండ్‌లో పుట్టాడు. వేరే పేరు పెట్టి ఒక ఫోస్టర్ కుటుంబానికిచ్చారు, వాళ్ళు పన్నెండేళ్ళ వయసులో వదిలేశారు, అక్కడ్నుంచి హోమ్‌లు. పద్దెనిమిది దగ్గర పడ్డాక చేతికొచ్చిన కాగితాల్లో తన అసలు పేరూ, అతను పసివాడిగా ఉన్నప్పుడే బిడ్డని తిరిగిమ్మని తల్లి రాసిన ఉత్తరమూ కనిపించాయి. అంటే ఎవరికీ అక్కర్లేదనుకుంటూ పెరిగిన పిల్లాడి కోసం ఒక ఉత్తరం అన్నేళ్ళూ బీరువాలో పడుంది. పూర్తి ఫైలు చేతికొచ్చేసరికి 2015 అయింది. అందరి ఫైల్లోనూ అలాంటి ఉత్తరం ఉండదు, ఆ ఆశతో తెరవకండి. ఏ రోజు ఎక్కడున్నాం, ఎందుకు మారాం అనే వరస తెలిసినా చాలు, జ్ఞాపకాల్లో ఉన్న చిల్లులు కొన్ని పూడతాయి.

## పెద్దయ్యాక

అమ్మ బతికే ఉంది. అయినా చచ్చిపోయినట్టు ఏడుస్తున్నాను. ఇదేం దుఃఖం?

దీన్ని మొదట పట్టించుకుని రాసింది పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు. 1970లలో, యుద్ధంలో కనిపించకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మాట్లాడుతూ ఆమె గమనించింది, మనిషి పోయాడో ఉన్నాడో తేలనప్పుడు దుఃఖం ముగింపుకి రాదని. మనదీ అంతే. చనిపోతే నలుగురొచ్చి పలకరిస్తారు, సెలవిస్తారు. బతికున్న అమ్మ కోసం ఏడిస్తే "వెళ్ళి కలువు మరి" అంటారు. ఇది నిజమైన దుఃఖమే, ఎవరూ గుర్తించకపోయినా సరే. తేలని విషయాన్ని తేల్చెయ్యాలని చూడకుండా, "ఆమె ఉంది, నాకు లేదు, రెండూ నిజమే" అని ఒప్పుకోవడమే కొంత ఊరటనిస్తుందని బాస్ అంటుంది. నా అనుభవంలో కూడా అంతే.

కన్నవాళ్ళని వెతకాలా వద్దా?

వెతికేముందు ఒక ప్రశ్న వేసుకోండి: తలుపు తీసి "ఎవరు నువ్వు" అంటే ఆ సాయంత్రం నేను ఎవరి దగ్గరికి వెళ్తాను? ఆ జవాబు దొరికాక వెతకండి. నేరుగా గుమ్మంలో ప్రత్యక్షమవ్వడం కన్నా ఉత్తరమో, మధ్యవర్తో మంచిది, వాళ్ళకి మీ గురించి తెలియని కొత్త కుటుంబం ఉండొచ్చు. బాగా కలిసినవాళ్ళున్నారు, డబ్బు కోసం పీక్కుతిన్న తల్లిదండ్రులూ ఉన్నారు, మర్యాదగా టీ ఇచ్చి పంపేసినవాళ్ళూ ఉన్నారు. ఆ మూడోదాన్నుంచి కోలుకోవడమే ఎక్కువమందికి కష్టం.

ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడిలో ఎవరి పేరు రాయాలి?

ఆసుపత్రి ఫారంలో ఆ చిన్న గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. పేరు, వయసు, చిరునామా టకటకా రాసేసి, అక్కడికొచ్చాక ఫోన్లో నంబర్లు పైనించి కిందకి తిప్పుతూ కూర్చుంటాం, కౌంటర్ అమ్మాయి "రాశారా మేడం?" అనేదాకా.

ముందే ఒకరిని అడిగి పెట్టుకోండి. స్నేహితురాలు, పాత టీచర్, ఆఫీసులో నమ్మకస్తులు, ఎవరైనా. "నీ పేరు రాసుకోనా, అర్ధరాత్రి ఫోనొస్తే ఎత్తాలి మరి" అని సూటిగా అడగండి. అవతలివాళ్ళు చాలాసార్లు మనం అనుకున్నంత ఇబ్బంది పడరు, కొందరైతే సంతోషిస్తారు. సంబంధం అనే చోట "స్నేహితురాలు" అని రాస్తే ఏ ఆసుపత్రీ గెంటెయ్యదు. అయితే మీకు స్పృహ లేనప్పుడు వైద్యం గురించి నిర్ణయం తీసుకునే అధికారం వేరు, అది చాలాచోట్ల దగ్గరి బంధువుకే వెళ్తుంది, వేరేవాళ్ళకి ఇవ్వాలంటే చట్టప్రకారం రాసిపెట్టాలి. అది కూడా చేసుకోండి. మనలాంటివాళ్ళకి ఈ కాగితం వీలునామా కన్నా ముందు కావాలి.

ఎవరైనా రెండ్రోజులు ఫోన్ చెయ్యకపోతే నన్ను వదిలేశారనిపిస్తుంది. ఎలా ఆపాలి?

పూర్తిగా ఆగదు. కానీ ఆ టెన్షన్‌లో పది మెసేజులు పెట్టడమో, కోపంతో బ్లాక్ చెయ్యడమో ఆపొచ్చు. ఒక్కటే మెసేజ్ పెట్టండి, "ఖాళీ అయ్యాక ఒకసారి చెయ్యి" అని. దగ్గరి మనుషులకి మీ సంగతి ముందే చెప్పి, "బిజీగా ఉంటే ఒక్క ముక్క పెట్టు, చాలు" అనండి. ఇది అడుక్కోవడం కాదు, కుటుంబాల్లో అందరూ చేసేదే, వాళ్ళకి అడగాల్సిన పని పడదంతే.

ఇలా పెరిగినవాళ్ళు అసలు బాగుపడతారా?

పడతారు. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవలు వగైరా కష్టాలు కుప్పగా ఉన్న పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా, నిలకడగా పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో మళ్ళీ మళ్ళీ కనిపించిన ఒక విషయం, తల్లిదండ్రులు కాకపోయినా సరే, చిన్నప్పట్నుంచీ తమని పట్టించుకున్న ఒక మనిషి ఉండటం. తాతో, అత్తో, టీచరో. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ పసితనంలో ఫోస్టర్ కేర్‌లో ఉంది, తర్వాత తాతయ్యా ఆయన భార్యా దత్తత తీసుకున్నారు.

అయితే ఒలింపిక్ పతకాల కథలు చెప్పి "చూశావా, నువ్వూ సాధించొచ్చు" అనేవాళ్ళంటే నాకు చిరాకు. పతకం తెస్తేనే మనల్ని కావాలనుకోవాలా? అద్దె కట్టుకుంటూ, ఆదివారం పదింటిదాకా పడుకుంటూ, ఇద్దరు స్నేహితులతో సినిమాకి వెళ్ళేవాళ్ళు కూడా బాగుపడినవాళ్ళే.

వాళ్ళని క్షమించాలా?

అక్కర్లేదు. ఇష్టమైతే చెయ్యండి. ఎవరో తొందరపెడితే చెయ్యకండి.

కొన్ని రాత్రులు బతకాలనిపించట్లేదు. ఎవరికి చెప్పను?

ఇప్పుడే, ఈ పేజీ పక్కన పెట్టి, మీ ప్రాంతంలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో అత్యవసర నంబరుకో ఫోన్ చెయ్యండి, లేదా నమ్మకమున్న మనిషి దగ్గరికి వెళ్ళి కూర్చోండి. "నాకెవరూ లేరు కాబట్టి ఎవరికీ తేడా పడదు" అనే మాట ఆ రాత్రుల్లో చాలా నిజంలా వినిపిస్తుంది. చిన్నప్పుడు అలవాటైన ఆలోచన అది, అలసిపోయినప్పుడు గొంతు పెంచుతుంది. తెల్లారాక డాక్టర్‌ని కలవండి. చిన్నతనంలో గాయపడినవాళ్ళతో పనిచేసిన అనుభవం ఉన్న కౌన్సెలర్ కావాలని అడగండి, మొదటివాళ్ళు నచ్చకపోతే మార్చుకోండి.

## సొంత ఇల్లు ఏర్పడుతున్నప్పుడు

నాకు పిల్లలు పుడితే నేనూ వదిలేస్తానేమోనని భయం.

ఆ భయం ఉన్నవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు, నేను చూసినంతవరకు. కష్టమయ్యేది వదిలెయ్యడం దగ్గర కాదు, ఇంకెక్కడో. పిల్ల "నువ్వు నాకొద్దు, ఫో" అన్నప్పుడు మూడేళ్ళ పిల్ల మాటకి మనకి ముప్ఫై ఏళ్ళ నాటి గాయం రేగుతుంది. అప్పుడు పక్క గదిలోకి వెళ్ళి ఊపిరి తీసుకుని తిరిగి రావాలి, తిరిగి రావడం ముఖ్యం. తల్లిగా ఎలా ఉండాలో చూసి నేర్చుకునే అవకాశం లేకపోయింది కాబట్టి అడిగి నేర్చుకోండి. అడగడానికి మొహమాటపడకండి, సొంత అమ్మలున్నవాళ్ళు కూడా రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు.

మా ఆయన ఫోస్టర్ కేర్‌లో పెరిగారు. గొడవైతే చాలు బ్యాగు తీస్తారు. నేనేం చెయ్యాలి?

కోపంలో కూడా "వెళ్ళిపో" అనే మాట వాడకండి. మిగతా జంటలకి అది వట్టి మాట, ఆయనకి అది చిన్నప్పుడు నిజంగా జరిగిన పని. గొడవ మధ్యలో "నాకు కోపంగా ఉంది, అయినా రేపు పొద్దున మనం ఇక్కడే ఉంటాం" అనండి. కొంచెం నాటకీయంగా ఉంటుంది, పర్లేదు. అలాగని ఆయన ఏం చేసినా భరించమని చెప్పట్లేదు, చిన్నప్పటి కష్టం చెయ్యి ఎత్తడానికి లైసెన్సు కాదు.

నేనే ఒక పిల్లని ఫోస్టర్‌గా తీసుకోవచ్చా? నాకు ఆ అర్హత ఉందా?

ఫోస్టర్ కేర్‌లో పెరిగారన్న కారణంతో మిమ్మల్ని పక్కన పెట్టకూడదు. ఇంటి పరిస్థితి, ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు చూస్తారు, ఇంటికొచ్చి మాట్లాడతారు, మీ బాల్యం గురించి కూడా అడుగుతారు. దాచకుండా చెప్పండి. ఆ కబురంతా స్థిమితంగా చెప్పగలుగుతున్నారా అనేదే వాళ్ళు చూసేది. చెబుతుంటే గొంతు పూడుకుపోయి ఆగలేకపోతున్నారంటే ఇంకొన్నాళ్ళు ఆగండి, ఈలోపు వారాంతాల్లో ఒక పిల్లకి తోడుండే మెంటర్‌గా చేరొచ్చు.

తీసుకున్నాక, ఆ పిల్ల మీ బాల్యాన్ని సరిచెయ్యడానికి రాలేదని గుర్తుంచుకోండి. తనకి కన్నవాళ్ళుంటారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళాలని తను ఏడవొచ్చు, నిజంగా వెళ్ళిపోవచ్చు కూడా. ఉన్నన్నాళ్ళూ ఫోటోల్లో ఉంచండి, అవి తనకో కాపీ ఇవ్వండి. తన సామాన్లు సర్దడానికి మంచి సూట్‌కేసు కొనండి, చెత్త సంచుల్లో బట్టలు కుక్కి పంపే పద్ధతి ఇప్పటికీ ఉంది. వెళ్ళాక కూడా తనకి మీ నంబరు పనిచెయ్యాలి, కాబట్టి సిమ్ మార్చకండి.